అడుగు దాకా చూడనిదే ఏ ఆటనూ ఇంట్లోకి రానివ్వని మా వదిన

నిన్న పొద్దున దీపం పెట్టి లేస్తుండగా ఫోన్ మోగింది. మా ఆడపడుచు సులోచన వదిన కొడుకు, మహేశ్.

“అమ్మ పోయింది అత్తమ్మా.”

నేను నమ్మలేదు.

“ఎవరు చెప్పిన్రు నీకు?” అన్నాను.

“ఎవరో చెప్పుడేంది అత్తమ్మా, నేను దవాఖానలనే ఉన్న. నా ముంగటనే పోయింది.”

అయినా మా ఆయనతో మళ్లీ ఫోన్ చేయించాను. మొన్న సాయంత్రం మా ఇంట్లో టీ తాగి, పాలు పలుచగా ఉన్నాయి, పాలవాణ్ని మార్చమని చెప్పి గన్‌ఫౌండ్రీలోని ఇంటికి నడుచుకుంటూ వెళ్లిన మనిషి. గుండె ఆగిపోయిందట.

“అట” అంటే ఒప్పుకునే మనిషి కాదు ఆమె.

వదిన ఎవరి మాటా ఊరికే నమ్మేది కాదు. ఉస్మాన్‌గంజ్‌లో కందిపప్పు కొనడానికి వెళ్తే పైన కనిపించే పప్పు వైపు చూసేదే కాదు. గాజులు పైకి జరుపుకుని, మోచేతి దాకా సంచిలో చెయ్యి పెట్టి, అడుగు నుంచి పిడికెడు తీసేది. ఆమెను దూరం నుంచి చూసే షాపువాళ్లు నిట్టూర్చేవాళ్లు.

మా అమ్మాయికి వీడియో గేమ్స్ కూడా అలాగే ఏరింది. ఆ సంగతి చెప్పాలనే ఈ పోస్ట్.

పోయిన వేసవిలో మా తమ్ముడు మా కావ్యకు టీవీకి తగిలించి ఆడే గేమ్ మెషీన్ తెచ్చిచ్చాడు. కావ్యకు పన్నెండేళ్లు. గేమ్ డబ్బా మీద నవ్వుతున్న ఎలుగుబంటి బొమ్మ. “పిల్లల గేమే అక్కా” అన్నాడు.

ఒకరోజు పూజ మధ్యలో తొంగి చూశాను. ఎలుగుబంటి చేతిలో తుపాకీ. కావ్య మనుషుల్ని వరసగా కాలుస్తోంది. దాని ముఖంలో ఏ మార్పూ లేదు. నన్ను భయపెట్టింది ఆ ముఖమే.

మెషీన్ తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను.

కావ్య నాతో మాట్లాడటం మానేసింది. కంచం తీసుకుని వేరే గదిలోకి వెళ్లేది. సాయంత్రం “ఫ్రెండ్ ఇంటికి” అని ఒక్క ముక్క అనేసి వెళ్లిపోయేది. ఏ ఫ్రెండో, అక్కడ ఏం ఆడుతుందో తెలియదు.

నా బిడ్డ నాకు కాకుండా పోతోందని భయం పట్టుకుంది.

వదినకు చెప్పాను.

“తాళమేస్తే ఆట ఆగుతదా సుజాతా? బయట ఆడుతది. మంచి ఆట దేవులాడుదాం, పా.”

“మంచి ఆటలు ఉంటయా వదినా?”

“ఉంటయని నేనన్ననా? చూద్దాం అన్న.”

ఆబిడ్స్‌లో ఒక గేమ్స్ షాపుకు వెళ్లాం. షాపతను ఒక డిస్క్ తీసి, “ఫ్యామిలీ గేమ్ అమ్మా. కొట్లాట ఏం లేదు. కండ్లు మూసుకొని తీస్కపోండ్రి” అన్నాడు.

“కండ్లు మూసుకునేదానికి గీడిదాక ఎందుకొస్తం తమ్మీ? లోపలిది చూపెట్టు.”

“లోపల అంటే?”

“మొదట్ల అందరు పూలే పెడతరు. ఎనక ఏమున్నదో గది చూపెట్టు.”

“గాడిదాక పోవాలంటే శానా రోజులు ఆడాలె అమ్మా!”

“గట్లనా? కిరాయికిస్తవా మరి?”

అలా మా అరవై రెండేళ్ల వదిన గేమ్స్ ఆడటం మొదలుపెట్టింది.

నాంపల్లిలోని మా ఇంటికి రోజూ మధ్యాహ్నం వచ్చేది. బీరువా తీయించేది. కళ్లద్దాలు ముక్కు మీదకు జార్చి, కంట్రోలర్‌ను గరిటె పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చునేది. అది పొలం గేమ్. విత్తనాలు వేయడం, నీళ్లు పెట్టడం, పంట అమ్మడం. నాకు బాగానే అనిపించింది. వదిన మాత్రం “ఇంకా చూడాలె” అనేది.

చాలా రోజుల ఆట తర్వాత, ఆ గేమ్‌లో ఒక ముసలాయన వచ్చి గాలం చేతికిచ్చాడు. చెరువులో చేపలు పట్టుకు రమ్మన్నాడు.

“ఇగో, వచ్చింది!” అని వదిన కంట్రోలర్ కింద పెట్టేసింది.

మేం నీసు ముట్టం. ఆటలోనైనా చేపను చంపడమేమిటి? వాపస్ ఇచ్చేద్దామన్నాను.

అప్పుడు తలుపు దగ్గర నుంచి కావ్య గొంతు.

“అత్తా, చేపలు పట్టకుంట గూడ ఆడొచ్చు.”

ఎన్నాళ్లకో దాని నోట ఒక పూర్తి మాట విన్నాను.

“ఎవరు చెప్పిన్రు?” అంది వదిన.

“నేనే చెప్తున్న.”

“నాకు నమ్మకం లేదు. వచ్చి ఆడి చూపెట్టు.”

కావ్య వచ్చి ఆమె పక్కన కూర్చుంది. ఆ సాయంత్రం ఫ్రెండ్ ఇంటికి వెళ్లలేదు.

ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఎన్ని గేమ్స్ జల్లెడ పట్టారో! కార్ల రేసులో అవతలివాణ్ని గుద్దితే పాయింట్లు వస్తున్నాయని అది వెనక్కి వెళ్లింది. కొత్త ఇంట్లో సామాను సర్దే గేమ్ మాత్రం ఉండిపోయింది. “పొయ్యి గా మూలకు ఎవలన్న పెడతరానే?” అని వదిన, “అత్తా, నీ ఇల్లు కాదు గది” అని కావ్య. వంటింట్లో నాకు నవ్వు ఆగేది కాదు.

నాకొక అనుమానం ఉంది. చేపలు పట్టకుండా ఆడొచ్చని వదినకు ముందే తెలుసు. కావ్యను పిలవడానికే “నమ్మకం లేదు” అంది. చాలాసార్లు అడిగాను. “నీకన్నీ అనుమానాలే” అనేది. ఆమె నన్ను అనడం!

నిన్న శ్మశానం నుంచి మగవాళ్లు తిరిగొచ్చి స్నానాలు చేశాక, కావ్య మళ్లీ మాటలు మానేస్తుందేమో, తలుపు వేసుకుంటుందేమో అని లోపల ఒకటే గుబులు. ఇప్పుడు మా ఇద్దరి మధ్య కూర్చునే మనిషి లేదు.

ఈ పొద్దున అది నా దగ్గరకు వచ్చి ఆనుకుని కూర్చుంది. కళ్లు వాచి ఉన్నాయి.

“అమ్మా, మైల పోయినంక నా పక్కన కూచుంటవా? నాకు ఆడొస్తది, నీకు చూడొస్తది. నేను ఏది మంచిదన్నా నువ్వు జర నమ్మకు.”

కూర్చుంటానన్నాను.

వదినా, పోయిరా. ఆ స్వామి పాదాల దగ్గర నీకు చల్లని చోటు ఉంటుంది. ఇది ఒక్కటి మాత్రం పరీక్ష పెట్టకుండా నమ్మి, ప్రశాంతంగా ఉండు.