ఎదుటి మనిషి మాట చెప్పించిన నోటరీ సారు

నోటరీ సారు పోయారని ఆయన గది పక్కన ఉండే జిరాక్సు షాపు ఆవిడ నాకు ఫోన్ చేసి చెప్పింది. "ఏమబ్బయా, సారు తెల్లారుజామున పోయినాడంట, నీకు తెలుసునా?" అంది. అప్పుడు నేను ఆత్మకూరులో మా షాపులో ఒక బోరు మోటారు విప్పుకొని కూర్చున్నాను. తెలియదన్నాను. ఫోన్ పక్కన పెట్టి మళ్లీ పనిలో పడ్డాను గానీ, ఏ తీగ ఎక్కడి నుంచి తీశానో గుర్తు రాక అరగంట ఊరికే ఉండిపోయాను. మోటారు కోసం వచ్చిన చేజర్ల రైతు నా వాలకం చూసి, సాయంత్రం వస్తాలే అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆయన నాకు చుట్టం కాదు. మా కులం కాదు, మా వీధి కూడా కాదు. ఆయనకూ నాకూ ఉన్న సంబంధమంతా ఒక కాగితం. అది కూడా ఆయన సీలు వెయ్యనని వెనక్కు ఇచ్చిన కాగితం.

ఇది చదివేవాళ్లలో ఆత్మకూరు కోర్టు వీధిలో ఆయన గది మెట్లు ఎక్కినవాళ్లు కొందరైనా ఉంటారు. ఎక్కిన ప్రతివాడూ ఒక తిట్టయినా తినే దిగి ఉంటాడు. ఆయనకు ఎడమ చెవి సరిగా వినపడేది కాదు. అందుకని తాను గుసగుసగా చెబుతున్నానని అనుకున్న మాట కూడా టీ అంగడి దాకా వినపడేది. ఎవరైనా గుట్టు సంగతి ఎత్తితే లేచి పోయి ఫ్యాను ఐదులో పెట్టేవారు. ఆ మోతకు బయటివాళ్లకు ఏమీ వినపడదని ఆయన నమ్మకం. గదిలో కాగితాలన్నీ లేచిపోయేవి. ఒకదాని మీద సీలు, ఒకదాని మీద స్టాంపు ప్యాడు, ఇంకోదాని మీద మోచెయ్యి పెట్టి పని కానిచ్చేవారు. ఆ గదిలో ఫ్యాను జోరుగా తిరుగుతోందంటే లోపల ఎవరిదో కాపురం తెగుతోందని వీధికంతా తెలిసిపోయేది. ఈ మాట ఆయనతో చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

సంతకానికి వచ్చినవాళ్లను ముందు అడిగే మాట, "అన్నం తిన్నారా?" లేదంటే పేపర్లు ముట్టుకునేవారు కాదు. "ఆకలి మీద ఉండేవాళ్లు ఏ కాయితానికైనా తలకాయ ఊపుతారు. పోయి నాలుగు ఇడ్లీలు తినిరా పోండి" అనేవారు. దుత్తలూరు నుంచి పరగడుపున బస్సెక్కి వచ్చినవాళ్లు విసుక్కుంటూ మెస్సుకు పోయి, వక్కపొడి నములుతూ తిరిగి వచ్చేవాళ్లు. అప్పటికి సగం మందికి సగం కోపం దిగిపోయి ఉండేది.

ఇక నా సంగతి చెబుతాను. సిగ్గుపడాల్సిన సంగతే, అయినా చెబుతాను.

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. మా పాప వాళ్లమ్మది ఉదయగిరి. మాటకు మాట అప్పజెప్పే మనిషి. ఏడేళ్లు కాపురం చేశాం. తాగి కొట్టడాలు, పరాయి వ్యవహారాలు, అట్లాంటివేమీ లేవు. ఇద్దరికీ పడలేదు, అంతే. చివరి ఏడాది ఆమె పుట్టింట్లోనే ఉండిపోయింది. పాప ఒక నెల అక్కడ, ఒక నెల ఇక్కడ తిరిగింది. ఆఖరికి మా మేనమామ పెద్దరికం మీద వేసుకొని, రెండు వైపులవాళ్లనూ కూర్చోబెట్టి, స్టాంపు కాగితం మీద విడాకులు టైపు చేయించాడు. మా వైపు అందరి నమ్మకమూ ఒకటే. స్టాంపు కాగితం, రెండు సంతకాలు, ఒక నోటరీ సీలు పడితే విడాకులు అయిపోయినట్టే.

ఆ కాగితంలో అసలు సంగతి పాపది. ఐదేళ్ల పిల్ల నా దగ్గర ఉంటుంది. తల్లి నెలకు ఒక్కసారి, రెండో ఆదివారం పగటిపూట వచ్చి చూసిపోవచ్చు. మిగతా రోజుల్లో పాప మీద ఏ హక్కూ అడగదు. దీనికి ఆమె ఎందుకు ఒప్పుకుందంటే, వాళ్ల ఇంట్లో అన్నగారి మాటే సాగేది. బిడ్డను చంకనేసుకుంటే నీకు మళ్లీ సంబంధం దొరకదని నూరిపోశారు. మరి నేనెందుకు రాయించాను? పాప అంటే నాకు ప్రాణం, అది నిజం. కానీ ఆ రోజుల్లో ప్రాణం కంటే పంతం ఎక్కువగా ఉండింది. నేను గెలవాలి. అంతే.

సారు కాగితం మొత్తం గట్టిగా చదివారు. చదివి, ఫ్యాను ఐదులో పెట్టి, "అబ్బయా, స్టాంపు కాయితం మీద విడాకులు రావు. అవి ఇచ్చేది కోర్టు. నా సీలు సంతకానికేరా, నీ తెలివికి కాదు" అన్నారు. మా మేనమామ అందుకున్నాడు. "కోర్టు సంగతి తర్వాత చూసుకుంటాం సారూ, ముందు బిడ్డ మాట ఖాయం కావాల. దానికైనా సీలు కొట్టండి."

"కొడతా. ఒకరి మాట ఒకరు చెప్పినాక కొడతా."

ఆయన పద్ధతి మాకు తెలియదు. మొగుడు ఒప్పుకున్నది పెళ్లాం చెప్పాలి, పెళ్లాం ఒప్పుకున్నది మొగుడు చెప్పాలి. అదీ 'నేను' అని మొదలుపెట్టి, తన మాటే అన్నట్టు చెప్పాలి. ఇద్దరూ చెప్పగలిగితేనే సీలు.

"పెద్దమనుషుల్లో అయిపోయినాక మళ్లా ఈ పాఠాలేంది సారూ?" అన్నాడు మా మేనమామ.

"నీకు దీంట్లో సంతకం ఉండాదా? లేదు గదా. పొయ్యి బయట కూర్చో" అన్నారు సారు. మామ లేచి పోయాడు.

"ముందు నువ్వు చెప్పు తల్లీ. ఆ అబ్బయ్య రాసిచ్చిన మాట నీ మాటయినట్టు."

ఆమె తల వంచుకొని మొదలుపెట్టింది. "నేను పాపను నా దగ్గర పెట్టుకుంటాను. బడికి పంపిస్తాను. ఒంట్లో బాగాలేకపోతే ఆస్పత్రిలో చూపిస్తాను." కాగితంలో ఉన్నది అంతే. ఆమె ఆగలేదు. "నాకు జడ వెయ్యను రాదు. నేర్చుకుంటాను. కందిపప్పు తింటే దానికి కడుపునొస్తాది, పెసరపప్పు చేసి పెడతాను. ఉరుమంటే భయం దానికి. వాన పడే రోజు షాపు మూసి ఇంటికి బిన్నా వస్తాను. అమ్మేది అని ఏడిస్తే, కసరను."

ఆ చివరి మాటకు నేను నేల చూపులు చూశాను. సారు నా వైపు తిరిగి, "ఇప్పుడు నువ్వు ఆమె మాట చెప్పు" అన్నారు.

చెప్పడానికి ఎంత? రెండు ముక్కలు. "నేను నా కూతుర్ని నెలలో రెండో ఆదివారం..." అన్నాను. కాగితం వైపు చూశాను. గొంతు సవరించుకొని మళ్లీ మొదలుపెట్టాను. "నేను నా కూతుర్ని..." అక్కడే ఆగిపోయాను. నెలకు ఒక్క పగలు. మిగతా రోజులన్నీ ఆ పిల్ల అన్నం తిందో లేదో కూడా నాకు తెలియదు. ఆ మాట 'నేను' అని పెట్టుకొని చెప్పబోయేదాకా అది నా బుర్రకు ఎక్కలేదు. టైపు చేసేవాడికి చెప్పి రాయించింది నేనే.

చేతకానివాడికి కోపమే దిక్కు కదా. లేచి నిలబడి అరిచాను. "ఏంది సారూ, నాటకాలాడిస్తుండావా? సీలు కొట్టేవాడివి నువ్వొక్కడివేనా ఈ జిల్లాలో?"

ఆయన పెన్నుకు మూత పెట్టారు. సీలు సొరుగులో వేసి తాళం తిప్పారు. "శానా మంది ఉండారు, పో. నా సీలు మాత్రం నీ గొంతు దాటని మాట మీద పడదు."

కాగితం లాక్కొని బండెక్కాను. ఆమె ఉదయగిరి బస్సెక్కింది. వింజమూరు పోయి ఎవరినో ఒకరిని పట్టుకుందామని మామ వెనక కూర్చొని దారంతా పోరుతూనే ఉన్నాడు. నేను బండి తోలుతూ హెల్మెట్ లోపల ఆ రెండు ముక్కలూ అప్పజెప్పుకుంటూ పోయాను. ఎన్నిసార్లు మొదలుపెట్టినా మధ్యలోనే ఆగిపోతోంది. వింజమూరు బస్టాండు దగ్గర బండి ఆపి మామకు టీ ఇప్పించి, వెనక్కు తిప్పాను. ఆయన నాతో ఆర్నెల్లు మాట్లాడలేదు.

నాలుగో రోజు ఒక్కడినే సారు దగ్గరికి పోయాను. మెడ పట్టి గెంటుతారనుకున్నాను. తల ఎత్తకుండా, "అన్నం తిన్నావా?" అన్నారు.

"తిన్నాను సారూ."

"ఆ మాట వచ్చిందా?"

"రాలేదు సారూ."

"రాకపోతే మారుద్దాం. అంతోటి దానికి మొహం ఎందుకట్ట పెట్టినావు? ఆమె చోట నువ్వుంటే ఏ మాటకి ఒప్పుకుంటావో చెప్పు. అది రాద్దాం."

ఒక పూటలో తేలలేదు. నాలుగు నెలలు పట్టింది. ఆమె ఉదయగిరి నుంచి వచ్చేది, నేను షాపు మూసి వచ్చేవాడిని. మాటా మాటా అనుకునేవాళ్లం. ఒకసారి ఆమె నా మీద స్టాంపు ప్యాడు కూడా విసిరింది. సారు ఎవరికీ బుద్ధులు చెప్పలేదు. కలిసి ఉండండని ఒక్కనాడూ అనలేదు. "కలపడం నా పని కాదు, విడగొట్టడమూ నా పని కాదు. చెప్పింది చెప్పినట్టు ఉండాదా లేదా చూడటం నా పని" అనేవారు. ఆఖరికి తేలింది. బడి ఉన్న రోజుల్లో పాప ఉదయగిరిలో వాళ్లమ్మ దగ్గర. శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం సాయంత్రం దాకా నా దగ్గర. ఎండాకాలం సెలవులు చెరిసగం. ఒంట్లో బాగాలేకపోతే ఎవరి దగ్గర ఉన్నా రెండో మనిషికి ఆ పూటే ఫోన్. దాన్ని పెట్టుకొని ఇద్దరం ఒప్పుకొని కోర్టులో వేసుకున్నాం. కోర్టుకు ఇచ్చే అఫిడవిట్ల మీద సంతకాలు పెట్టే రోజున మళ్లీ ఒకరి మాట ఒకరి చేత చెప్పించారు. ఇద్దరం తడబడ్డాం, కళ్లు తుడుచుకున్నాం, కానీ చివరిదాకా చెప్పాం. ఆయన సీలు కొట్టి, తడి ఆరేదాకా ఉఫ్ ఉఫ్ అని ఊదారు. చిన్నపిల్ల మోకాలి దెబ్బ మీద తల్లి ఊదినట్టు ఊదారు.

కోర్టు విడాకులిచ్చాక కూడా ఆ గదికి పోతూనే ఉన్నాను. ఒక ఎండాకాలం ఆయన ఫ్యాను కాలిపోయింది. "ఊరి గుట్లన్నీ మోసీ మోసీ మాడిపోయింది సారూ" అంటే పడీ పడీ నవ్వారు. వైండింగు చేసి తెచ్చి, నిచ్చెన ఎక్కి బిగిస్తుంటే ఒక కుర్ర జంట వచ్చింది. ఆ అమ్మాయి ఒళ్లో పాలు తాగే బిడ్డ. "నువ్వు దిగి బయటికి పోరా" అన్నారు సారు. వీధిలో నిలబడి కిటికీలోంచి చూశాను. మాటలు వినపడలేదు. ఆ అబ్బాయి పెదాలు కదిలి, ఆగాయి. మళ్లీ కదిలి, మళ్లీ ఆగాయి. నాకు వాడి మీద కోపం రాలేదు, జాలేసింది. ఒకసారి ఆయన్నే అడిగాను. "ఈ పద్ధతి ఎవురు నేర్పినారు సారూ మీకు?" ఆయన సీలు తుడుస్తున్నారు. "వయసులో ఉండేటప్పుడు ఒక కాయితం చెప్పించకుండా కొట్టినాను. చాలదా?" అన్నారు. సీలు సొరుగులో వేసి తాళం తిప్పారు.

ఆయన కర్మంతరం పోయిన ఆదివారం జరిగింది. శని, ఆదివారాలు పాప నాదే కాబట్టి వెంట తీసుకుపోయాను. ఇప్పుడు దానికి పన్నెండేళ్లు. షామియానా కింద మగవాళ్లం ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క. మొదటి బస్సుకు ఉదయగిరి నుంచి వచ్చిన పాప వాళ్లమ్మ కూడా ఆడవాళ్లలో ఉంది. పాప అక్కడికి పోయి, మంచినీళ్ల గ్లాసుతో నా దగ్గరికి వచ్చింది. "అమ్మ తాగమనింది" అని ఇచ్చి, దండ వేసిన ఫోటో వైపు చూసి అడిగింది. "ఈ తాత మనకేమవుతాడు నాయనా?"

ఏదో ఒకటి చెప్పి దాటేయొచ్చు. ఏడేళ్లుగా దాటేస్తూనే ఉన్నాను. అమ్మా నాయనా చెరో ఊళ్లో ఉంటారని తప్ప పాపకు ఏమీ తెలియదు. నేను రాయించిన మొదటి కాగితం సంగతి వాళ్లమ్మ ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా దానితో అనలేదు. అనుంటే పాప నన్ను అడిగి ఉండేది. నీళ్లు సగం తాగి గ్లాసు కింద పెట్టాను.

"నీకు ఐదేళ్లప్పుడు, నిన్ను మీ అమ్మకి లేకుండా చెయ్యాలని ఒక కాయితం రాయించినానమ్మా. ఈ తాత దాని మీద సీలు వెయ్యలేదు" అన్నాను.

పాప నా ముఖంలోకి చూసింది. "నువ్వా?"

"నేనే."

గ్లాసు తీసుకొని వాళ్లమ్మ దగ్గరికి పోయింది. చెవిలో ఏదో అడిగింది. ఆమె అక్కడి నుంచి నన్ను చూసింది, పాపతో ఏదో చెప్పింది. ఏం చెప్పిందో నాకు తెలియదు. పాప చాలాసేపు వాళ్లమ్మ భుజానికి ఆనుకొని, అటు తిరిగే నిలబడింది. ఇక ఈ పూటకు నా దగ్గరికి రాదనుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగితే, పొయ్యి పొగ అన్నట్టు తుడుచుకున్నాను. అప్పుడు వచ్చింది. పక్కన కూర్చొని, నా చేతిని తన ఒళ్లోకి లాక్కుంది. వేలి మీద అంటుకున్న వార్నిష్ మరకను గోటితో గీకుతూ, భోజనాలకు పిలిచేదాకా అట్లాగే కూర్చుంది.