బోర్డు మీద లేని ణ

దేవుడి దగ్గర ఫిర్యాదు చెప్పుకునే ముందు ఒక కృతజ్ఞత చెప్పుకోవాలని మా అమ్మ నేర్పింది. కాబట్టి ముందు అది కానిస్తాను. రిటైరైన మగవాళ్లు మధ్యాహ్నం పూట వంటింటి గుమ్మంలో నిలబడి పప్పులో ఉప్పెంత వేయాలో చెప్పే బదులు, నలుగురికి చదువు చెప్దామని బయల్దేరినందుకు ప్రభువుకు స్తోత్రం. ఇక ఫిర్యాదుకు వస్తాను.

మా ఆయన ఇనుప ఖనిజం మోసే కిరండూల్ లైన్లో గూడ్సు బండ్లు నడిపి రిటైరయ్యారు. ఆయనా, గనిలోనూ రైల్వేలోనూ పనిచేసి దిగిపోయిన మరో పదిమందీ కలిసి పాత క్లబ్బు గదిలో పెద్దవాళ్లకు ఉచితంగా తరగతులు మొదలుపెట్టారు. ఎంత వయసొచ్చినా ఏదో ఒకటి నేర్చుకుంటూనే ఉండాలని ఉద్దేశం. మంచి ఉద్దేశమే. చిక్కేమిటంటే పదకొండు మందికీ చెప్పాలనే ఉంది, నేర్చుకోవాలని ఒక్కరికీ లేదు. మొదటి వారం యోగా చెప్పే ఆయన ఎదురుగా ఫోను వాడకం చెప్పే ఆయన కూర్చున్నాడు. ఆయన వంతు వచ్చినప్పుడు ఈయన కూర్చున్నాడు. మా ఆయన ఫోనులో రైలు టిక్కెట్టు కొనడం గురించి మొదలుపెట్టి, ఘాట్‌లో సొరంగం మధ్య ఇంజను ఆగిపోయిన సంగతిలోకి వెళ్లారు. గంటసేపటిదాకా ఆ సొరంగంలోంచి బయటికి రాలేదు.

తెలుగు చదవడం, రాయడం నేర్పేవాళ్లు కావాలన్నప్పుడు మాత్రం అందరూ కిటికీలోంచి చూడసాగారు. ఇది హిందీ రాష్ట్రం, చాలామంది హిందీ బళ్లలో చదివినవాళ్లు. అలా నా మెడకు చుట్టుకుంది. సంస్థకు కార్యదర్శి ఒకాయన ఉన్నాడు. ఆఫీసులో పెద్ద గుమాస్తాగా చేశాడు గనుక ఇప్పటికీ అందరూ బడేబాబు అనే పిలుస్తారు. ఇంట్లో తెలుగే, బయట అంతా హిందీ. ఆయన నాచేత ఫారం నింపించాడు.

"భాభీజీ, మీది ఏ స్కూలు?"

"బడికి పోలేదండీ. మా నాన్న ఘాట్ మీద చిన్న స్టేషన్లో గ్యాంగ్‌మన్. అక్కడ బడి లేదు. మా అమ్మే ప్రార్థన పుస్తకం ముందు పెట్టుకుని ఇంట్లో నేర్పింది."

"అయితే గృహ శిక్షా అని రాసేస్తాను."

"రాయండి బాబూ, రాయండి," అన్నారు మా ఆయన. "పెళ్లయిన కాణ్ణించి నాకూ అదే పడింది."

హిందీలో శిక్షా అంటే చదువు. తెలుగులో శిక్ష అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఆ రోజు నేనూ నవ్వాను.

నా తరగతికి ఐదుగురు ఆడవాళ్లు వచ్చేవారు. వాళ్లలో ఒకామె తెలుగు సరిహద్దు దగ్గరి ఎర్రబోరు వైపు మనిషి, దోర్ల తెగ ఆడపడుచు. టౌన్‌షిప్ క్యాంటీన్లో గిన్నెలు తోముతుంది. నాలుగు భాషలు గలగలా మాట్లాడుతుంది, ఒక్కదాంట్లోనూ అక్షరం తెలియదు. ఆమె కొడుకు భద్రాచలం వైపు హాస్టల్లో ఉండి తెలుగులో చదువుకున్నాడు. సంతలో జరిగిన ఒక కొట్లాటలో అతని పేరు వచ్చింది. కేసు ఇంకా తేలలేదు, పిల్లవాడు జైల్లో ఉన్నాడు. అక్కణ్ణించి తల్లికి ఉత్తరాలు రాస్తాడు. వాటిని ఆమె ఒక కిరాణా దుకాణం ఆయనచేత చదివించుకునేది.

"చిట్టీల ఇన్ని గీతలుంటయి అక్కా," అంది మొదటి రోజే, వేళ్లతో బెత్తెడు చూపిస్తూ. "ఆయన చదివేది గింతే. నడిమిట్ల రెండు గీతలు మింగుతుండు. ఏంది మింగుతుండో నాకు తెల్వాలె."

నేను పలక మీద అ రాసి పెట్టాను. ఆమె దాన్ని పక్కకు జరిపింది.

"గది తర్వాత. ముందు క్షేమం రాయి. ప్రతి చిట్టి గా మాటతోనే మొదలైతది. గండ్ల క్ష ఏదో చూపియ్యి."

మా అమ్మ చూస్తే ఊరుకునేది కాదు, అయినా క్ష తోనే మొదలుపెట్టాం. నాలుగు నెలల్లో ఆమె అక్షరాలు కూడబలుక్కునేదాకా వచ్చింది. మిగతా నలుగురు పెళ్లిళ్లకూ ఊళ్లకూ మానేసినా, క్యాంటీను పని కాగానే తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ ఈమె మాత్రం వచ్చేది. అందుకూ స్తోత్రం.

అప్పుడే మావాళ్లు మూడోసారి ప్రారంభోత్సవం పెట్టారు. మొదటి రెండు ఎందుకు చాల్లేదో నన్నడగకండి. ఈసారి బోర్డు తెర తీశారు. పైన హిందీలో, కింద తెలుగులో ఎర్రటి అక్షరాలు. తెలుగు వరస బడేబాబు సొంతంగా కూర్చాడు. సమోసా నోట్లో పెట్టుకోబోతూ చదివి, చెయ్యి కిందికి దించేశాను. ఆజీవన శిక్షా కేంద్రం.

మర్నాడు మధ్యాహ్నం ఆమె ఆ బోర్డు కింద ఆగింది. నేను లోపలి నుంచి చూస్తున్నాను. వేలు గాలిలో ఆడిస్తూ ఒక్కొక్క అక్షరమే చదువుతోంది. పిచ్చిదాన్ని, నాకు సంతోషమేసింది. క్ష దగ్గర వేలు ఆగింది, మళ్లీ వెనక్కి వచ్చి మొదటి నుంచి నడిచింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చిన దారినే వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ పై రోజూ రాలేదు.

నేనే వాళ్లింటికి వెళ్లాను.

"గట్ల ఎందుకు రాసిండ్రు అక్కా? బతుకంతా శిక్ష అని?"

"అది హిందీ మాటమ్మా. చదువు అని అర్థం."

"నాకు హిందీ రాదా ఏంది? కోర్టుల సజా అంటరు, మా ఊర్ల శిక్ష అంటరు. నేను తెలుగుల చదివిన. నా అంతట నేను చదివిన మొదటి మాట గదే." నా వైపు పీట జరిపింది. "నా కొడుక్కు ఇంకా ఏం పడలే. గా మాట కింద కూసొని వానికి చిట్టి రాయమంటే నా చెయ్యి ఆడదు."

"పోనీ నేనే ఇక్కడికి వచ్చి చెప్తాను."

"వద్దు. ఈడ చిట్టి తీస్తే పదిమంది మూగుతరు. ఏంది, ఏంది అంటరు."

ఇక బోర్డు మార్చడం తప్ప దారి లేదు. అది ఎంత పని? దీర్ఘం చెరిపి ఒక ణ పెడితే శిక్షణ అవుతుంది. ఆ ముక్క చెప్పాను. మీటింగ్ పెట్టారు.

"శిక్షా శుద్ధ సంస్కృత శబ్దం భాభీజీ," అన్నాడు బడేబాబు. "ఒక్క ఆవిడ కోసం బోర్డు మారుస్తామా? రేపు ఇంకొకరు రంగు బాలేదంటారు."

"నేర్చుకోవడానికి రోజూ వచ్చేది ఆ ఒక్కావిడే కదండీ."

అప్పుడు మా ఆయన లేచారు. "తప్పు సిగ్నల్ కనబడితే బండి ఆపీయాలండి, మీటింగులు పెట్టకూడదు." ఇన్నేళ్ల కాపురంలో ఆయన మాట నాకంత నచ్చిన సందర్భం ఇంకొకటి లేదు. అక్కడితో కూర్చుంటే ఎంత బాగుండేది! సిగ్నళ్లు ఎన్ని రకాలో చెప్పడం మొదలుపెట్టారు. ఆయన ముగించేసరికి అందరికీ టీ వేళయింది. భాష సంగతి చూడడానికి ముగ్గురితో ఉపసంఘం వేశారు. పెయింటరు ఊరికి వెళ్లాడట, వచ్చాక చూద్దామన్నారు. రెండు వారాలు గడిచాయి. ఉపసంఘం కూర్చోనూ లేదు, పెయింటరు రానూ లేదు.

శనివారం కూరగాయల దగ్గర ఆమె కనబడింది. రవికలోంచి ఒక కవరు అంచు తీసి చూపించి మళ్లీ దాచుకుంది.

"కొత్త చిట్టి వచ్చింది అక్కా. దుకాణపాయనకు ఇయ్యలే. నేనే తీసి క్షేమం దాంక చదివిన. తర్వాత భయమైంది."

"నాకివ్వు, చదివి పెడతాను."

"నువ్వు చదివితే మళ్ల ఇంకొకరు చదివినట్టే గదా," అంది.

ఆదివారం ప్రార్థనలో ఓర్పు అడుగుదామనుకుని వెళ్లాను. తీరా మోకరించాక ఓర్పు అడగలేదు. ఇంటికొస్తూ పక్కింటివాళ్లను నిచ్చెన అడిగాను.

మిట్టమధ్యాహ్నం ఎండలో క్లబ్బు దగ్గర ఎవరూ లేరు. మా ఆయన నిచ్చెన పట్టుకున్నారు. మా గేటుకు వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు డబ్బా, కిరసనాయిలు గుడ్డ తీసుకుని నేను ఎక్కాను.

"ఏటే, ఈ వయసులో! పడిపోతావు, దిగీ. నేనెక్కుతాను."

"మీరెక్కితే అక్కణ్ణించి ఉపన్యాసం మొదలెడతారు. గట్టిగా పట్టుకోండి."

దీర్ఘం చెరిగింది. పక్కన చోటు చాలక ణ కాస్త నలిగి, ఇరుకు బల్ల మీద సర్దుకు కూర్చున్న లావుపాటి మనిషిలా వచ్చింది. ఎర్రటి అక్షరాల మధ్య ఒక్కటే ఆకుపచ్చ. అయినా దిగి చూసుకుంటే స్పష్టంగా ఉంది.

సోమవారం బడేబాబు నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు పైకి చూశాడు.

"భాభీజీ, ఇది తీర్మానంలో లేదు."

"లేదండీ."

"ఎర్ర రంగు మా ఇంట్లో ఉంది. అడిగితే ఇచ్చేవాణ్ణి కదా!"

రెండు వారాల పాటు పెయింటరు కోసం ఎదురు చూసిన మనిషి ఇలా అంటే ఏమనాలి? మంచివాడే. ప్రభువు ఆయన్ని చల్లగా చూడాలి, నా కంటికి కాస్త దూరంగా ఉంచి.

ఆ మధ్యాహ్నమే ఆమెను పిలుచుకొచ్చాను. బోర్డు కింద నిలబడి మళ్లీ వేలు ఎత్తింది.

"శి... క్ష... గా పచ్చది ఏంది అక్కా? నువ్వు చెప్పలే."

"ణ. శిక్షణ. నేర్పడం అన్నమాట."

రెండుసార్లు పలికి చూసుకుని లోపలికి వచ్చింది. గోడ పక్కన కూర్చుని కవరు తీసింది. నేను నా పుస్తకంలోకి చూస్తున్నట్టు నటించాను. క్షేమం గబగబా దాటింది. ఆ తర్వాత ఒక్కో మాటకూ ఆగుతూ, వేలు కింద పెట్టి, పైకే చదివింది.

"అమ్మా... చిట్టి... దు... దుకాణం ఆయనతో... చదివించకు. ఆయన... అందరికీ... చెప్తున్నాడు. ప్రతి చిట్టీల... రాస్తున్నా. నువ్వు... ఎందుకు... వినవు?"

ఆమె వేలు అక్కడే ఉండిపోయింది. ఆ గీత మళ్లీ చదివింది, ఈసారి తడబడకుండా.

"గీ ముసలోడు!" అంది. "తన సంగతే మింగిండు అక్కా! నా కొడుకేమో నేను వింటలేనని అనుకుంటుండు!"

కోపమో నవ్వో తెలియకుండా కళ్లు తుడుచుకుంది. సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని పాత ఉత్తరాలన్నీ చాప మీద పరిచింది. ఏడో ఎనిమిదో ఉన్నాయి. అంతలో మా ఆయన తాళంచెవి ఆడించుకుంటూ గుమ్మంలోకి వచ్చారు.

"అయిదయిపోయింది. మూసీమంటారా?"

"కూర్చోండి," అన్నాను. "నోరు మాత్రం తెరవకండి."

ఆయన చెప్పులు విడిచి గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఆమె అన్నిటికంటే పాత ఉత్తరం ఏరి తీసి, మడత విప్పింది.