ఎల్లయ్య చేలోకి వదిలిన వరద

చాంద్రాయణగుట్ట దగ్గర పచ్చిగడ్డి మోపుల బండి పక్కనుంచి పోతే చాలు, ఎనభై దాటిన ఈ వయసులోనూ నాకు ఎల్లయ్య మీద కోపం వస్తుంది.

మా గడ్డి చేనుకు ఆనుకుని, కాస్త పల్లంలో అతని గడ్డి చేను. మా దూడ గట్టు దాటిందని రాయి విసిరి దాని కన్ను పోగొట్టాడు. పాలమ్ముకుని బతికే మా ఇంట్లో ఆ రోజు ఎవరూ అన్నం ముట్టలేదు.

ఆ వానాకాలం వాగు పొంగి మా చేను ఎర్రనీళ్లలో మునిగింది. మునిగితే చేను నాశనమేననుకునే తొమ్మిదేళ్లదాన్ని. బాపు శాలిబండకు పాలు పొయ్యడానికి వెళ్లగానే, పార తీసుకుని రెండు చేల మధ్య గట్టు తెంచాను. నీళ్లన్నీ ఎల్లయ్య చేలోకి ఉరుకుతుంటే నా కడుపు చల్లబడింది.

బాపు వచ్చి చూసి తల పట్టుకున్నాడు. "ఏం పని చేసినవ్ బిడ్డా? ఆ నీళ్లు నిలబడి ఒండ్రుమట్టి పడితేనే గద మనకు గడ్డి. ఏడాదంత దానికోసమే సూస్తం."

ఆ ఏడు ఎల్లయ్య గడ్డి నడుం దాకా పెరిగింది. బాపు అతని దగ్గరే మోపులు కొన్నాడు. అవి ఎత్తిస్తూ ఎల్లయ్య నన్ను చూసి, "మస్తు పని చేసినవ్ బిడ్డా" అన్నాడు. ఒంటికన్ను దూడ ఆ గడ్డే తిని పెరిగింది.

ఇప్పుడు నాకు బుద్ధి వచ్చింది. మళ్లీ ఆ రోజు వస్తే గట్టు తెంచను. ఇంకో మూరెడు ఎత్తు పోస్తాను.