గుప్పెడు చూసి చెప్పిన వైద్యం

మిర్యాలగూడ రైసుమిల్లుకు వచ్చే లారీల్లోంచి గుప్పెడు వడ్లు తీసి, రెండు గింజలు పంటికింద కొరికి, సరుకు మొత్తం ఎలా ఉందో చెప్పడం నా పని. నా అంచనా తప్పడం తక్కువ. ఆ నమ్మకాన్నే ఇంటికీ తెచ్చుకున్నాను.

నా భార్యకు కీళ్లవాతం. పొద్దున లేస్తే పిడికిలి బిగిసేది కాదు. మా ఇంట్లో జొన్నరొట్టె కొట్టే చప్పుడు ఆగిపోయింది. సూర్యాపేటలో కీళ్ల డాక్టరమ్మ వారానికోసారి వేసుకునే మాత్ర రాసింది. వేసుకున్న మర్నాడు కడుపులో తిప్పేది. అయినా ఆమె మానలేదు. నెమ్మదిగా గుణం కనిపిస్తోంది.

అంతలో చిగుళ్లు వాచాయి. కోదాడలో పళ్ల డాక్టరు యాంటీబయాటిక్ ఇచ్చాడు. కొన్నాళ్లకు చిగుళ్లతోపాటు వేళ్ల వాపు కూడా బాగా దిగింది. ఒక పొద్దున రొట్టె చప్పుడు విని వంటింట్లోకి పరుగెత్తాను.

"సూస్తివా, కీళ్లల్ల పురుగుండె. ఈ పళ్ల మందు దాన్ని సంపింది. ఇగ ఆ వారం మాత్ర బంద్," అన్నాను.

"డాక్టరమ్మను ఒక్కమాట అడుగరాదు?"

"వడ్లు సూసుడు నాకు ఎవరన్న నేర్పిన్రా?"

"నా చేతులు వడ్లా?"

నవ్వేశాను. ఖాళీ స్ట్రిప్పు చూపిస్తే మందులషాపులో చీటీ అడగరు. మిల్లు నుంచి వస్తూ అదే మందు మళ్లీమళ్లీ తెచ్చాను. వాపు తిరిగి మొదలైనా, చలికాలమని సర్దిచెప్పాను. తన జడ తాను అల్లుకోలేక ఆమె ఏడ్చాక గానీ సూర్యాపేట బస్సెక్కించలేదు.

డాక్టరమ్మ ఎక్స్‌రే చాలాసేపు చూసింది. "మాత్ర ఎవరు ఆపమన్నరు?"

"నేనే మర్చిపోయిన మేడం," అంది నా భార్య.

ఆ అబద్ధం చాటున కూర్చుందామని ఒక్క క్షణం నిజంగానే అనుకున్నాను. చివరికి, "నేనే ఆపించిన," అన్నాను. పురుగు సంగతి కూడా చెప్పాను.

"పురుగు చచ్చి తగ్గలేదండీ. ఆ రకం యాంటీబయాటిక్‌కు వాపు తగ్గించే గుణం కూడా కొంత ఉంటది. కొందరికి దాంతో హాయిగ ఉంటది. కానీ కీళ్లు పాడుగాకుండ కాపాడేంత బలం దానికి లేదు. మీరు ఆపించిన మాత్రే ఆ పని చేస్తుండె."

మందు చేసిన మేలు నిజం. కారణం మాత్రం నేను కల్పించుకున్నది.

వారం మాత్ర మళ్లీ మొదలైంది. వాపు తగ్గింది కానీ, ఆమె కుడిచేతి రెండు వేళ్లు ఇక తిన్నగా కావు. ఇప్పుడు రొట్టె నేనే కొడతాను, అంచులు పగులుతూనే ఉంటాయి. మొన్న ఒకటి గుండ్రంగా వచ్చింది. పళ్లెంలో వేసి ఆమె ముందు పెట్టి, ఎట్లుంది అన్నట్టు నిలబడ్డాను.

వంకరవేళ్లతో తుంచుకుంటూ అంది: "ఒక్కటి సూసి మురవకు. ఇంకోటి గూడ కొట్టు, సూద్దాం."