డిక్కీలో దుప్పి

చుట్టాల పోచమ్మ మొక్కుకు వెళ్ళి మెదక్ వైపు నుంచి మల్కాజ్‌గిరికి తిరిగొస్తున్నాం. స్టీరింగ్ నా చేతిలో ఉంది. పక్కన మా ఆయన, వెనక సీట్లో మా మామగారు. డిక్కీలో మా వాటాకొచ్చిన మేక మాంసం, దాన్ని కోసిన కత్తి. మొక్కు చుట్టాల్లో ఎవరిదైనా సరే, మామగారు తన కత్తి వెంట తీసుకెళ్ళాల్సిందే. పరాయి కత్తి ముట్టరు.

అడవి దారిలో జింక బొమ్మ ఉన్న బోర్డు కనిపించింది. ఇంకేం, తండ్రీకొడుకులు మొదలుపెట్టారు. వేట బందు చేశాకే జంతువులకు మనిషంటే భయం పోయిందనీ, అందుకే బండ్లకు అడ్డం వచ్చి చస్తున్నాయనీ మామగారి వాదన. ఆయన వయసులో తుపాకి మోతకు ఒక్క దుప్పి కూడా రోడ్డు దరిదాపులకు వచ్చేది కాదట. ఆ మోతకు బెదిరి పరిగెత్తేదే రోడ్డెక్కుతుందనీ, వేటకుక్కలు తరిమితే అది ముందూ వెనకా చూసుకుంటుందా అనీ మా ఆయన. పెళ్ళైన పదకొండేళ్ళ నుంచీ వింటున్నాను ఈ రామాయణం. షికారు కథ చెప్పనిదే మామగారికి ముద్ద దిగదు. నాకు ఒళ్ళు మండింది. ఇక ఆపండి అని చెప్పడానికి వెనక్కి తిరిగాను.

తిరిగిన ఆ ఒక్క క్షణంలో దుప్పి బండికి తగిలింది.

దిగి చూస్తే రోడ్డు పక్కన కాళ్ళు కొట్టుకుంటోంది. ఫోన్లో సిగ్నల్ లేదు. గాయపడ్డ దుప్పిని బండిలో ఎక్కించుకోవడమే తప్పని మాకెవరికీ తెలియదు. పశువుల డాక్టరుకు చూపిద్దామని నేనే పట్టుబట్టాను. పాత చీర చుట్టి డిక్కీలో పడుకోబెట్టించాను.

కాస్త దూరంలోనే ఫారెస్టు చెక్‌పోస్టు. సాయం చేస్తారు కదా అని నేనే బండి ఆపాను. అధికారి డిక్కీ తెరిపించాడు. దుప్పి అప్పటికే చచ్చిపోయింది. పక్కన మాంసం సంచి, సంచి మీద కత్తి. అప్పుడు తెలిసింది నాకు, మేమెలా కనిపిస్తున్నామో.

మేక మాంసమని ఎంత మొత్తుకున్నా అధికారి వినలేదు. మాంసం పరీక్షకు పంపుతామనీ, అందాకా ముగ్గురి మీదా వేట కేసేననీ అన్నాడు. మా ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేస్తాడు. జైలుకు పోతే సస్పెండ్ చేస్తారు. ఇల్లంతా ఆ ఉద్యోగం మీదే నడుస్తోంది. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

కత్తి ఎవరిదని అధికారి అడిగాడు. మామగారు తనదేనన్నారు. అంతటితో ఊరుకుంటే ఎంత బాగుండేది. దుప్పి తోలుకు ఈ కత్తి పనికిరాదనీ, తాము వేటకు తీసుకెళ్ళిన కత్తులే వేరనీ పాఠం మొదలుపెట్టారు. దేవుడా, ఈ మనిషిని ఏం చేయాలి అనుకున్నాను. అధికారి రాస్తున్నవాడల్లా తలెత్తాడు.

"ఎన్ని దుప్పులు కొట్టినవ్ పెద్దాయనా?"

మామగారు కొడుకు వైపు చూశారు.

"ఒక్కటి సుత కొట్టలే సార్. తుపాకి పట్టే మొఖమేనా నాది? వర్క్‌షాపుల నట్లు బిగించినోణ్ణి. ఇంట్ల జెర గొప్పకు కోతలు కోస్తుంట. మా కోడల్ని అడుగుండ్రి."

అధికారి నావైపు తిరిగాడు.

"అవును సార్, అన్నీ కోతలే," అన్నాను. మామగారి ముందే అన్నాను. ఆయన తల దించుకుని నిలబడ్డారు.

అధికారి బండి ముందుభాగం టార్చి వేసి చూశాడు. సొట్టలో వెంట్రుకలు ఇరుక్కుని ఉన్నాయి. దుప్పి తగిలిన చోటికి ఒక మనిషిని పంపాడు. రోడ్డు మీద టైర్ల గీతలు, నెత్తురు ఉన్నాయని ఆ మనిషి తిరిగొచ్చి చెప్పేదాకా మమ్మల్ని కదలనివ్వలేదు. చివరికి ప్రమాదమని రాసుకుని, దుప్పిని, మాంసాన్ని, కత్తిని తన దగ్గరే ఉంచుకుని మమ్మల్ని పొమ్మన్నాడు.

ఇంటి ముందు బండి ఆపాక మా ఆయన అడిగాడు, ఆ కథలన్నీ నిజంగా కోతలేనా అని.

మామగారు తలుపు తీసుకుని మెల్లగా దిగారు.

"నీ నౌకరి నిలవడ్డది గదరా," అన్నారు.