చచ్చిన రాజుకు వన్స్‌మోర్

మా నాయనకు ఉదయగిరిలో గుడ్డల అంగడి. ఇక్కడ గజంబద్ద పట్టుకునే మనిషి, ఆత్మకూరులో నాటకమంటే చాలు, కిరీటం పెట్టుకునేవాడు. పన్నెండేళ్లు వచ్చేసరికే నేను ఆయన వేసే రాజులందరినీ ఆరా తీసేశాను. వంశాలు వేరు, జబ్బు ఒకటే. ముందు మాట ఇస్తారు, తర్వాత ఆలోచిస్తారు. ఒకడు మునికిస్తాడు, ఒకడు ముద్దుల పెళ్లానికిస్తాడు. అడవులు పట్టి తిరిగేది మాత్రం ఇంట్లోవాళ్లు. పద్యాలు ఆయనకి, ముళ్లు వీళ్లకి.

ఆ జబ్బు మా ఇంటికీ వచ్చింది. స్కూల్ ఫైనల్ ప్యాసై నేను నెల్లూరు కాలేజీకి పోదామని కూర్చుంటే, నన్ను మేనత్త కొడుక్కి ఇస్తానని నాయన ఆమెకు మాట ఇచ్చేశాడు. ఏడ్చాను. అన్నం మానేశాను.

"ఇచ్చిన మాట తప్పేదెట్లమ్మే?" అన్నాడు, రాజు గొంతుతోనే.

ఆ వారమే ఆత్మకూరులో నాటకం. నేనూ అత్తా ఆడవాళ్ల చాపల మీద ముందు వరసలో కూర్చున్నాం. రాజు మాట నిలబెట్టుకుని, ఆఖరి పద్యం పాడి ప్రాణం విడిచాడు. ఈలలు, చప్పట్లు, "వన్స్‌మోర్!" అని కేకలు. అందరికంటే పెద్ద గొంతు మా అత్తది. చచ్చిన రాజు లేచి, పంచె దులుపుకుని, హార్మోనియం ఆయనకు సైగ చేసి, పద్యం మళ్లీ పాడి మళ్లీ చచ్చాడు.

మర్నాడు ముగ్గురం బస్సులో తిరిగి వస్తున్నాం. నాయన చెవుల వెనక రంగు ఇంకా పోలేదు.

"నాయనా, చచ్చినోడివి ఎట్ల లేచినావు?"

"జనం అడిగినారు గదమ్మే! లేవకుంటే ఊరుకుంటారా?"

"జనం అడిగితే పోయిన ప్రాణమే వెనక్కి తెచ్చుకున్నావే. కూతురు అడిగితే ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేవా?"

బస్సులో సగంమంది నాటకం చూసి వస్తున్నవాళ్లే. వెనక సీట్లో ఎవరో "వన్స్‌మోర్!" అన్నారు. బస్సంతా అందుకుంది. నాయనకు నవ్వాగలేదు.

"ఏందిరా ఆ నవ్వు? నాకిచ్చిన మాటేంగాను?" అంది అత్త.

"నువ్వే గదక్కా, అందరికంటే గట్టిగా లేవమని అరిచింది!"

అత్త ఆర్నెల్లు మా గడప తొక్కలేదు. ఆమె కొడుకు కొండాపురం పిల్లను చేసుకుని సుఖంగానే ఉన్నాడు, ఆ పిల్లకు నేనింకా రుణపడే ఉన్నాను.

కాలేజీలో మా మాస్టారు, విషాద నాటకంలో నాయకుణ్ణి పడగొట్టేది అతనిలోని ఒకే ఒక్క లోపం అని పాఠం చెప్పారు. నేను లేచి నిలబడ్డాను.

"ఆయన పడితే పడనీండి సార్. పడేముందు కింద ఎవరున్నారో చూసుకోడేం?"