ఎర్ర కారులోని నీళ్ళు అంబాదాస్ తప్పు కాదు

అంబాదాస్ ఇక లేడన్న మాట మంగళవారం పొద్దున సోలాపూర్ భవాని పేట్ వాచనాలయంలో పేపరు చదువుతుండగా నా చెవిన పడింది. నమ్మలేదు. ముందురోజు సాయంత్రమే నాతో చాయ్ తాగిన మనిషి. నాకన్నా పదహారేళ్ళు చిన్నవాడు. తెల్లవారుజామున గుండె పట్టేసిందట, ఆసుపత్రికి చేరేలోపే కన్నుమూశాడట. ముందు వెళ్ళవలసిన నేను ఇక్కడ కూర్చుని అతని సంస్మరణ రాస్తున్నాను. ఈ వ్యత్యస్త క్రమాన్ని ఏ దేవుడు నిర్ణయించాడో గాని, వాడికి లెక్క తెలియదు.

కొంతం చౌక్‌లో ఫ్లెక్సీ కట్టారు. పేరు కింద ‘కార్ మెకానిక్’ అని రెండే మాటలు. దాని ముందు నిలబడి ఒక పెద్దమనిషి, “అయ్యో, గా ఎర్ర కార్ల నీళ్ళు నింపినాయనే గదా!” అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. చనిపోయిన మనిషి బొమ్మ ముందు నవ్వారు! నాకు ఒళ్ళు మండింది. ఆ మాట శుద్ధ అబద్ధం. అబద్ధమని సోలాపూర్‌లో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అయినా నోరు మెదపలేదు. ఆ మౌనాన్ని భరించలేకే కలం పట్టాను.

అంబాదాస్ పదహారో ఏట మా టవల్ కార్ఖానాకు వచ్చాడు. నేను అప్పుడు జాబర్‌ని, అంటే మగ్గం మొరాయిస్తే సరిచేసేవాణ్ణి. తెగిన పోగును ముడివేయడం అతనికి నేర్పింది నేనే. నా ఎడమ చూపుడువేలి కొస మగ్గంలో పోయింది, అందుచేత నా ముడి అందరి ముడిలా కాక తిరగబడి పడుతుంది. “కాకా, నీ ముడి గుడ్డిగ తడిమినా ఎర్కపడ్తది” అని నవ్వేవాడు. ఈ మాట గుర్తుంచుకోండి.

కార్ఖానా మూతపడ్డాక అతను కార్ల పనిలోకి వెళ్ళాడు. ఇంజన్లు విప్పేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. వాన నీళ్ళు కారులోకి ఎక్కడి నుంచి వస్తున్నాయో కనిపెట్టే విద్య మాత్రం అతనిదే. గుడ్డ పైకప్పు మడిచే రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లను పుణె నుంచి కూడా అతని దగ్గరికి తెచ్చేవారు. అతని పద్ధతి నేతగాడి పద్ధతి. కారులోని తివాచీలన్నీ తీసి, నేలను బాగా ఆరబెట్టి, తెల్లగుడ్డ పరిచి, అతుకుల వెంబడి రంగు నిలవని ఎర్ర నూలు పేర్చేవాడు. చుక్క పడితే చాలు, గుడ్డ మీద ఎరుపు పూసేది. తలుపులు బిగించుకుని తాను లోపల టార్చితో కూర్చునేవాడు. భార్య రేణుక బీడీల చాట పక్కన పెట్టి బయటినుంచి పైపు పట్టేది.

“రేణుకా, పైకెల్లి వొయ్యకు! అంత తడిస్తె ఏం సమజైతది? కిందికెల్లి మెల్లగ మీదికి రా.”

“లోపల రాజా లెక్క కూసున్నవ్, నీకేంది! నా చీరంత తడిసె. నువ్వొచ్చి పట్టు, నేను కూసుంట.”

“నువ్వు కూసుంటె నీళ్ళు భయపడి రానేరావు!”

వాడకట్టంతా నవ్వేది. ఆ నవ్వుల మధ్యనే అతను ఏకాగ్రచిత్తుడై ఒక్క చుక్క కోసం గంటలు వేచి ఉండేవాడు. నాతో ఒకసారి అన్నాడు: “తడి దొరికిందంటె దారి దొరికినట్టు గాదు కాకా. నీళ్ళు ఎక్కడనో జొర్రి ఎక్కడనో కనవడ్తయి. తడి కాడికెల్లి ఎన్కకు నడువాలె.” నేను చదివిన పుస్తకాల్లో ఇంతకన్నా గొప్ప మాట చాలా తక్కువసార్లు తగిలింది.

ఇక ఎర్ర కారు. అది నా మేనల్లుడు శ్రీనివాస్ ముచ్చటపడి కొన్న పాత స్పోర్ట్స్ కారు. నాలుగేళ్ళ కిందట, వానలకు ముందు, అంబాదాస్ దాని తలుపులకు, కప్పుకు నీళ్ళు దిగకుండా అంచుల వెంబడి కొత్త రబ్బరు బీడింగ్ వేసి ఇచ్చాడు. మూతపడిన మా మగ్గాల షెడ్డులో కారు పెట్టి, కాపలాకు నన్ను ఉంచారు. షెడ్డు నిండా ఎలుకలు. సీట్ల వెనుక, రెండు మూలల్లో, చెరొక రంధ్రం కనిపించింది. ఇంత ఖరీదైన కారులో ఎలుకకు దారి విడిచిన వాడెవడని తిట్టుకున్నాను. షెడ్డులో ఏ బొక్క కనిపించినా మేము నూలు చెత్త కుక్కి మూసేవాళ్ళం. అదే చేశాను. రెండు ఉండలు చుట్టి, దారంతో ముడివేసి, లోపలికి దిగ్గొట్టాను. ఎవరికీ చెప్పలేదు, చెప్పదగినంత పని అనుకోలేదు.

శ్రీనివాస్ కారును బయటికి తీశాక, మొదటి పెద్ద వానకు అందులో మడమలోతు నీళ్ళు నిలిచాయి. కొంతం చౌక్ చాయ్ దుకాణం ముందు పదిమందిలో నేను గొంతెత్తాను: “నీళ్ళు ఆపుమంటే నీళ్ళు నింపిండు! గీయన పెద్ద ఉస్తాదంట!” మొన్న ఫ్లెక్సీ ముందు నవ్విన వాళ్ళ నోటికి ఆ మాట అందించిన వాణ్ణి నేనే.

అంబాదాస్ కారంతా విప్పాడు. మూడోరోజు, పోగులు లాగే సన్న కొక్కెం ఆ రంధ్రంలో దించి, నానిన ఉండ ఒకటి బయటికి లాగాడు. గుడ్డ కప్పు మీది నీళ్ళు కిందికి జారిపోవడానికి పెట్టిన దారి అట అది. నేను పక్కనే స్టూలు మీద ఉన్నాను. అతను ముడిని బొటనవేలితో తడిమాడు. నా వైపు ఒక్కసారి చూశాడు. ఉండను చొక్కా జేబులో వేసుకుని, రెండో మూలలోదీ లాగాడు.

శ్రీనివాస్ వచ్చి అడిగాడు: “ఏం దొరికిందే?”

“ఆకులు, దుమ్ము. దారి బంద్ అయ్యింది.”

“మరి బీడింగ్ ఏసిననాడు చూడొద్దా నువ్వు?”

“చూడాల్సింది భయ్యా. నా తప్పే.”

నిజానికి చూశాడు. బీడింగ్ వేసిననాడే ఆ దారుల్లో నీళ్ళు పోసి పరీక్షించాడని తర్వాత రేణుక చెప్పింది. నాకు ఆ క్షణంలో నోరుంది, నాలుక ఉంది, నలుగురికి నీతులు చెప్పే అలవాటూ ఉంది. ‘ఆ ఉండ నేను పెట్టినది’ అనే నాలుగు మాటలు మాత్రం రాలేదు. జాబర్ కాకా కారు పాడుచేశాడని ఊరు నవ్వుతుందని భయపడ్డాను. ఊరు అతన్ని చూసి నవ్వింది. పుణె కార్లు రావడం ఆగిపోయింది. అంతటి విద్య తెలిసినవాడు ఆటోల సీట్లకు కుట్లు వేస్తూ చివరి నాలుగేళ్ళు గడిపాడు.

ఒకసారి తెగించి, “అంబాదాస్, గా ఉండ...” అన్నాను.

“ఏ ఉండ కాకా? చాయ్ సల్లగైతుంది, తాగు.” అంతే. క్షమించాడో, నా చేతకానితనం చూసి జాలిపడ్డాడో నాకు తెలియదు. ఇక తెలిసే మార్గం లేదు.

పదోరోజు వాళ్ళింటికి వెళ్ళాను. రేణుక అతని సామాను పెట్టె తెచ్చి, కొక్కేల కింది నుంచి ఎండిపోయిన నూలు ఉండ తీసి నా అరచేతిలో పెట్టింది. “గిదేందో ఎర్కనా కాకా? గింత పైలంగ దాసిండు.”

ముడి తిరగబడి ఉంది. “ఎర్క లేదమ్మా” అని లేచి వచ్చేశాను.

పోయినవాడి ఇంట్లో, పోయినవాడి భార్యతో, ఆ మాట అన్నాను.

అంబాదాస్ వంటి నిపుణుడు, అంతటి గంభీరుడు మా పేటల్లో మళ్ళీ పుట్టడు. అతనికి నేను అర్పించగల నివాళి పూలదండ కాదు, సత్యం. అదీ ఆలస్యంగా. ఇది చదివిన వారెవరైనా ఇకపై ఆ ఎర్ర కారు మాట ఎత్తితే నా పేరుతో, జాబర్ కాకా పేరుతో ఎత్తండి.

రేణుక తెలుగు మాట్లాడుతుంది గాని చదవడం రాదు. ఇది అచ్చయిన రోజు నేనే తీసుకెళ్ళి ఆమె వాకిట్లో కూర్చుని, బీడీలు చుట్టే ఆడవాళ్ళంతా వినేటట్టు, మొదటి అక్షరం నుంచి చదవాలి. ‘ఎర్క లేదమ్మా’ అన్నచోట నా గొంతు ఆగుతుంది. ఆగినా, ఈసారి లేచి వెళ్ళిపోను.